ఆహుతి ఎవరిది? సోమ్ నేలలో మిగిలిపోయిన స్కాట్లండ్ ఆటగాళ్లు

యుద్ధంలో చనిపోయిన యువకుడి మరణాన్ని త్యాగమని పిలవడం లోకానికి ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ మాట చాటున తేలని ప్రశ్న ఒకటి ఉన్నదన్న సంగతే చాలామందికి స్ఫురించదు. త్యాగం ఒక క్రియ కనుక దానికి కర్త ఉండి తీరాలి. ఇచ్చినవాడెవడో తెలియకుండా ఇచ్చినది త్యాగమో కాదో నిర్ణయించడం కుదరదు. వేదంలోని కర్మకాండ వాక్యాలకు అర్థనిర్ణయం చేసే శాస్త్రమైన పూర్వమీమాంస ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంది. ఒక ద్రవ్యం, ఒక దేవత, ఆ దేవతను ఉద్దేశించి ఆ ద్రవ్యాన్ని వదులుకోవడం, ఈ మూడూ కలిస్తేనే అది యాగమవుతుంది. అగ్నిలో వేయడం ఋత్విక్కు చేతుల మీదుగా జరగవచ్చు. వదులుకోవడం మాత్రం యజమాని, అనగా ఆ ద్రవ్యం ఎవరిదో ఆ మనిషి, తన మనసులో తానే చేయవలసిన పని, ‘న మమ’, ‘ఇది నాది కాదు’ అని పలకవలసినవాడు కూడా అతడే. తనది కానిదాన్ని ఎవరూ త్యాగం చేయలేరన్నది ఇందులోంచి సూటిగా వచ్చే ఫలితార్థం. ఈ నియమానికి ఎదురుగా నిలిపి చూడదగిన ఉదాహరణ ఇరవయ్యో శతాబ్దపు చరిత్రలో ఒకటుంది: మొదటి ప్రపంచయుద్ధంలో ప్రాణాలు కోల్పోయిన, స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోకు చెందిన హార్ట్ ఆఫ్ మిడ్‌లోథియన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్లు.

అభిమానులు క్లుప్తంగా హార్ట్స్ అని పిలుచుకునే ఆ క్లబ్బు 1914 ఆగస్టులో సెల్టిక్ జట్టును ఓడించి స్కాటిష్ లీగ్ పోటీలను మొదలుపెట్టి, వరుసగా తొలి ఎనిమిది మ్యాచ్‌లూ గెలిచింది. మేనేజరు జాన్ మెకార్ట్నీ కూర్చిన ఆ జట్టు ఆ ఏడాది విజేత అవుతుందని చాలామంది నమ్మారు. యుద్ధం మొదలై అప్పటికి కొద్ది రోజులే అయింది. బ్రిటన్‌లో నిర్బంధ సైనికసేవను తెచ్చిన చట్టం 1916 జనవరిలో గాని రాలేదు కనుక, 1914లో సైన్యంలో చేరడం చట్టం దృష్టిలో పూర్తిగా ఐచ్ఛికం. అయితే చట్టం బలవంతపెట్టని చోట సమాజం బలవంతపెట్టగలదు. కాళ్లూ చేతులూ బాగున్న యువకులు జీతం తీసుకుని బంతి ఆడుతుంటే వేరెవరో వారి కోసం చనిపోతున్నారన్న నింద పత్రికల్లో, సభల్లో, ప్రార్థనామందిరాల వేదికల మీద వినిపించసాగింది. లండన్ పత్రిక ‘పంచ్’ ఆ అక్టోబరులో వేసిన ఒక వ్యంగ్యచిత్రం, డబ్బు ఈ మైదానంలో దొరకవచ్చు గాని గౌరవం దొరికే మైదానం వేరే ఉన్నదని వృత్తి ఆటగాడిని ఎత్తిపొడిచింది. నవంబరులో ఎడిన్‌బరో పత్రికలో అజ్ఞాతంగా వెలువడిన ఒక లేఖ మరొక అడుగు ముందుకు వేసి, క్లబ్బు పేరును తాత్కాలికంగా ‘మిడ్‌లోథియన్ తెల్ల ఈకలు’ అని మార్చుకోవచ్చునని సూచించింది. తెల్ల ఈక ఆనాటి బ్రిటన్‌లో పిరికితనానికి గుర్తు. సైన్యంలో చేరని మగవాడి చేతిలో దాన్ని పెట్టి సిగ్గుపరచడం ఆ రోజుల్లో ఒక ఉద్యమంగానే సాగింది.

ఆ లేఖ వెలువడి పది రోజులు తిరగకముందే, నవంబరు 25న, హార్ట్స్ ఆటగాళ్లు పదకొండు మంది సైన్యంలో పేర్లు నమోదు చేయించుకున్నారు. మాజీ పార్లమెంటు సభ్యుడు సర్ జార్జ్ మెక్రే ఆ నగరంలో కూర్చుతున్న దళంలో, అనగా రాయల్ స్కాట్స్ రెజిమెంటు 16వ బెటాలియన్‌లో, వారు చేరారు. వారి వెంట అభిమానులూ వందల సంఖ్యలో చేరారు. రెయిత్ రోవర్స్, ఫాల్‌కర్క్ వంటి ఇతర క్లబ్బుల ఆటగాళ్లూ వచ్చారు. పగలు కసరత్తు, రాత్రి కవాతు, శనివారం మ్యాచ్ అన్న తీరుగా ఆ చలికాలం గడిచింది. సీజన్‌లో ఎక్కువ కాలం పట్టికలో పైన ఉన్న జట్టు చివరి వారాల్లో అలసిపోయి, సెల్టిక్ 65 పాయింట్లతో విజేత కాగా, తాను 61 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. ఆ నాలుగు పాయింట్లూ వారు ఇచ్చినవాటిలో మొదటివి.

ఇక్కడే మొదటి చిక్కు ఎదురవుతుంది. సిగ్గుపడేలా చేసి పంపినవాడి నిర్ణయం అతడి స్వంతమా? అరిస్టాటిల్ తన ‘నికొమాకియన్ ఎథిక్స్’ మూడవ భాగంలో మిశ్రకర్మలు అనదగిన ఒక కోవను వివరించాడు. తుపానులో చిక్కిన ఓడవాళ్లు ప్రాణాలు దక్కించుకోవడానికి సరుకును సముద్రంలో పారవేస్తారు. మామూలు స్థితిలో ఎవరూ కోరి చేయని పని అది, అయినా ఆ క్షణంలో చేసేది వారే, చేతులు కదిపేదీ వారే. కనుక అది ఐచ్ఛికానికే దగ్గరగా ఉంటుందని అతడి నిర్ణయం. ఈ ఉపమానం హార్ట్స్ ఆటగాళ్లకు చాలావరకు అతుకుతుంది గాని ఒక్క చోట పూర్తిగా వేరవుతుంది: అరిస్టాటిల్ ఓడలో నీటిపాలయ్యేది సరుకు, ఎడిన్‌బరోలో ఓడ తేలిక కావడానికి దిగవలసి వచ్చినవాళ్లు ఓడవాళ్లే. పైగా తుపాను ప్రకృతి వలన వచ్చింది, నింద మనుషుల వలన వచ్చింది. అయినంత మాత్రాన ఆటగాళ్లు కేవలం తోలబడిన మందలని అనడం వారికి అన్యాయమే అవుతుంది. వింగర్ జేమ్స్ స్పీడీ, అనగా మైదానం అంచున ఆడే ముందువరుస ఆటగాడు, సహచరులు మెక్రే దళంలో చేరకమునుపే తానై వెళ్లి కామెరాన్ హైలాండర్స్ అనే వేరొక రెజిమెంటులో చేరాడు. ఇరవైల తొలినాళ్లలో ఉన్న ఆ యువకుడు 1915 సెప్టెంబరు 25న, బ్రిటిష్ సైన్యం మొదటిసారి విషవాయువును ప్రయోగించిన లూస్ యుద్ధం తొలిరోజునే, ఫ్రాన్సులో చనిపోయాడు. అతడి మనసులో ఏముందో చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు. ‘నాది కాదు’ అన్న మాట లోపల పలికితే అతడే పలికి ఉంటాడు. పలికాడని సాక్ష్యం చెప్పగలవాళ్లు మాత్రం బయట ఎవరూ లేరు.

త్యాగమన్న పదం ఇంకొక చోట కూడా తడబడుతుంది. జట్టుకు గోల్స్ సాధించడంలో ముందున్న టామ్ గ్రేసీ శత్రువు తూటాకు చనిపోలేదు. సైన్యంలో ఉండగానే రక్తక్యాన్సర్ సోకి 1915 అక్టోబరు 23న గ్లాస్గోలో కన్నుమూశాడు. అతడి పేరు క్లబ్బు యుద్ధమృతుల ఏడుగురిలో ఉంది. విషవాయువు దెబ్బతీసిన ఊపిరితిత్తులతో తిరిగివచ్చిన బాబ్ మెర్సర్ 1926లో ఆట మధ్యలో కుప్పకూలి మరణించాడు. అతడి పేరు ఆ ఏడుగురిలో లేదు. ఒకరిది రోగం, వేరొకరిది ఆలస్యంగా అందిన దెబ్బ. మరణాలను అర్పణలుగా లెక్కవేయబూనిన చోట కారణమూ కాలమూ ఇలా అడ్డం వస్తూనే ఉంటాయి. గ్రేసీని చేర్చుకున్నందుకు ఎవరూ ఆక్షేపించలేదు, ఆక్షేపించకపోవడమే న్యాయం కూడా. దీన్ని బట్టి ఆ పట్టికను ఏర్పరచింది త్యాగలక్షణం కాదనీ, పోగొట్టుకున్నవాళ్ల ప్రేమ అనీ తెలుస్తున్నది.

1916 జూలై 1న ఫ్రాన్సులోని సోమ్ నది ప్రాంతంలో బ్రిటిష్ సైన్యం దాడి ప్రారంభించింది. ఆ ఒక్క రోజున అది 57,470 మందిని నష్టపోయింది, అందులో 19,240 మంది మృతులు. మెక్రే బెటాలియన్ కోంతాల్‌మెజాన్ అనే గ్రామం వైపు సాగి, సగానికి పైగా మనుషులను కోల్పోయింది. డంకన్ కరీ, ఎర్నెస్ట్ ఎల్లిస్, హ్యారీ వాటీ అనే ముగ్గురు హార్ట్స్ ఆటగాళ్లు ఆ రోజునే మరణించారు. ఎల్లిస్ స్కాట్లండ్ వాడు కాదు, ఇంగ్లాండులోని నార్ఫోక్ నుంచి ఆట కోసం వచ్చినవాడు. ఆగస్టు మొదటి వారంలో జేమ్స్ బాయ్డ్, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అరాస్ దగ్గర జాన్ అలెన్ ప్రాణాలు విడిచారు. ఈ సందర్భంలో సర్ జార్జ్ మెక్రే గురించి ఒక మాట చెప్పకపోతే విషయం ఒకవైపుకు ఒరిగిపోతుంది. యాభై దాటిన ఆ మనిషి యువకులను వేదిక మీదనుంచి పిలిచి వెనుక ఉండిపోలేదు. తాను వెళ్లని చోటికి ఎవరినీ రమ్మనబోనని మాట ఇచ్చి, జూలై 1న తన దళాన్ని తానే నడిపాడు. మీమాంస భాషలో చెప్పాలంటే అతడు తనదైన ద్రవ్యాన్ని కూడా పళ్లెంలో పెట్టిన యజమాని. పేరు చెప్పకుండా లేఖ రాసిన వ్యక్తికీ అతడికీ నడుమ ఉన్న ఈ తేడా నీతిశాస్త్రంలో చిన్నది కాదు.

స్కాట్లండ్ మతసంప్రదాయం ఈ మరణాలను ఎలా అర్థం చేసుకున్నదన్నది మరింత లోతైన ప్రశ్న. ఆ దేశపు ప్రధాన మతశాఖ ప్రెస్బిటేరియన్. పదహారవ శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ బోధల మీద, పదిహేడవ శతాబ్దంలో రూపొందిన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాసప్రమాణం మీద అది నిలబడింది. ఆ ప్రమాణం ప్రకారం జరిగేదంతా దైవసంకల్పంలో భాగమే. మోక్షం మనిషి చేసిన పుణ్యకార్యాల ఫలం కాదు, దేవుని అనుగ్రహం మాత్రమే. చనిపోయినవారి కోసం ప్రార్థించడం నిషిద్ధం, ఎందుకంటే వారి గతి అప్పటికే దేవుని చేతిలో స్థిరపడిపోయింది. క్రీస్తు శిలువ మీద చేసిన బలి ఒక్కటే బలి, అది ఒక్కసారే జరిగింది, దానికి మరొకటి జోడించవలసిన పని లేదన్నది ఈ సిద్ధాంతానికి మూలస్తంభం. శాంతికాలంలో ఇవి బడిలో వల్లెవేసే పాఠాలు. యుద్ధకాలంలో, కొడుకు శవం కూడా ఇంటికి రాని తల్లి ఎదుట నిలబడిన బోధకుడికి ఇవే పాఠాలు గొంతులో అడ్డుపడ్డాయి.

అందుకే అనేకమంది బోధకులు, సిద్ధాంతం ఒప్పుకోకపోయినా, దేశం కోసం ప్రాణమిచ్చినవాడికి ఆ మరణమే మోక్షమార్గమని సూచనగా పలకసాగారు. శిలువ మీది క్రీస్తును, పోరులో ఒరిగిన సైనికుడిని పక్కపక్కన చూపే చిత్రాలు బ్రిటన్ అంతటా వ్యాపించాయి. తెలుగువారికి వీరస్వర్గమన్న మాట పరిచితమే కనుక ఈ భావన కొత్తగా తోచదు. కాని కాల్విన్ సంప్రదాయంలో ఇది పునాదినే కదిలించే మార్పు. యుద్ధంలో చావడం వలన స్వర్గం వస్తుందంటే, మోక్షం మళ్లీ మనిషి చేతిపని అయిపోతుంది, శిలువ బలి అనేక బలులలో ఒకటైపోతుంది. సిద్ధాంతానికి కట్టుబడినవారు దీన్ని ఒప్పుకోలేదు. వారి మాట దుఃఖంలో ఉన్న కుటుంబాలకు రాయిలా తగిలి ఉంటుందనడంలో సందేహం లేదు.

అయినా ఆ కఠినమైన సిద్ధాంతంలోనే, బోధకుల మెత్తని మాటల్లో లేని ఒక దయ దాగి ఉన్నదని గుర్తించాలి. ఒక మరణాన్ని మోక్షసాధనంగా మార్చితే, ఆ మరణాన్ని కోరినవాళ్లు మేలు చేసినవాళ్లవుతారు. వాటీని స్వర్గానికి పంపిన ఘనత తుపాకీకీ, ప్రణాళిక వేసిన సేనానికీ, తెల్ల ఈక పంచిన చేతికీ కూడా కొంత దక్కుతుంది. బలి ఒక్కటే, అది ముగిసిపోయింది అన్న సిద్ధాంతం ఈ దారిని మూసివేస్తుంది. ఇక మనుషులెవరూ మరొక మనిషిని బలిపీఠం మీదికి ఎక్కించి దేవుడి పేరు చెప్పడానికి వీల్లేదు. అబెర్డీన్‌లో జన్మించిన ధర్మశాస్త్రవేత్త పి. టి. ఫోర్సిత్ 1916లో, అంటే సోమ్ యుద్ధం జరిగిన సంవత్సరంలోనే, దేవుని న్యాయాన్ని గురించి ఒక గ్రంథం వెలువరించాడు. లోకంలోని చెడుగు ఎదుట దేవుడిని సమర్థించవలసినది మానవతర్కం కాదనీ, శిలువలో దేవుడే తనను తాను సమర్థించుకున్నాడనీ అందులో అతడి వాదం. ఈ వాదం అందరికీ తృప్తినివ్వదు. కాని యుద్ధరంగం వల్లనే దేవుని సంకల్పం నెరవేరుతున్నదని చెప్పే సులభమైన ఓదార్పును అది దూరంగా ఉంచగలిగింది.

బైబిలు మొదటి గ్రంథంలో అబ్రహాము తన కుమారుడు ఇస్సాకును బలివ్వడానికి కొండ మీదికి తీసుకువెళ్లిన కథ ఉంది. కత్తి ఎత్తిన క్షణంలో దైవదూత ఆపుతాడు, పొదలో చిక్కిన పొట్టేలు కొడుకుకు బదులు బలి అవుతుంది. డేనిష్ తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ 1843లో ‘భయమూ వణుకూ’ అన్న అర్థం వచ్చే పేరుతో రాసిన గ్రంథంలో తండ్రి విశ్వాసాన్ని గురించి ఎంతో ఆలోచించాడు; ఆ గ్రంథానికి కేంద్రం తండ్రి, కొడుకు కాదు. యుద్ధకవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ ఈ కథను తిరగరాసినప్పుడు ముగింపు మార్చాడు: ముసలివాడు దూత మాట వినడు, పొట్టేలు ఉన్నా కొడుకునే చంపుతాడు. యుద్ధం వలన మనసు చెదిరిన సైనికాధికారిగా 1917లో ఓవెన్ చికిత్స పొందిన క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రి ఉన్నది హార్ట్స్ మైదానమైన టైన్‌కాసిల్ ఉన్న ఎడిన్‌బరోలోనే. అతడు కూడా యుద్ధం ముగియడానికి వారం రోజుల ముందు, 1918 నవంబరు 4న చనిపోయాడు.

తండ్రికి కొడుకు మీద, రాజ్యానికి పౌరుడి మీద స్వామ్యం, అనగా యజమాని హక్కు, ఉన్నదా అన్నదే ఈ కథలన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న. జైమిని మీమాంసాసూత్రాల ఆరవ అధ్యాయంలో విశ్వజిత్తు అనే యాగాన్ని గురించిన చర్చ దీనికి ఆశ్చర్యకరంగా దగ్గరగా వస్తుంది. ఆ యాగంలో కర్త తన సర్వస్వాన్నీ దానం చేయాలి. సర్వస్వమంటే తల్లిదండ్రులను, బిడ్డలను కూడా ఇవ్వాలా అన్న ప్రశ్నకు సమాధానం ఇవ్వరాదనే: తాను దేని మీద స్వామ్యం కలిగి ఉన్నాడో దాన్నే ఇవ్వగలడు, బంధువులు బంధువులే గాని సొత్తు కారు. రాజు యాగం చేస్తే భూమిని ఇవ్వవచ్చునా అంటే అదీ కూడదన్నారు, ఎందుకంటే భూమి అందరిది. సర్వస్వదానమే విధిగా ఉన్న చోట సైతం మనుషులను ద్రవ్యంగా లెక్కించని ఈ నిర్ణయం ముందు, దేశం తన యువకులను అర్పించింది అన్న వాక్యం నిలవదు. నిలవగలది మరొక వాక్యం: యువకులు తమను తాము ఇచ్చుకుని ఉండవచ్చు, దేశం మాత్రం తీసుకున్నది.

అలా తీసుకున్నది ఏమిటో కూడా చూడాలి. మరణం ఉన్నప్పుడు మనిషి ఉండడు గనుక మరణం అతడికి హాని కాదని గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యూరస్ వాదించాడు. ఎడిన్‌బరోలో పుట్టి అక్కడే 1776లో మరణించిన డేవిడ్ హ్యూమ్ అటువంటి నిబ్బరంతోనే చివరి రోజులు గడిపాడని ప్రసిద్ధి. అయితే హ్యూమ్ అరవై దాటి, రాయవలసినవి రాసి వెళ్లినవాడు. అమెరికన్ తత్త్వవేత్త థామస్ నేగెల్ 1970లో మరణాన్ని గురించి రాసిన వ్యాసంలో చూపినట్లు, మరణం చేసే హాని ఒక బాధ కాదు, ఒక లేమి. బతికి ఉంటే అనుభవించదగినవాటిని అది లేకుండా చేస్తుంది. ఫుట్‌బాల్ ఆటగాడి విషయంలో ఈ లేమికి ప్రత్యేకమైన రూపముంది. పండితుడికో రైతుకో వయసుతో నేర్పు పెరుగుతుంది. ఆటగాడి దేహం ఇరవైల్లో వికసించి ముప్పైల్లో ముడుచుకుంటుంది. యుద్ధం కోరుకున్న సంవత్సరాలూ ఆట కోరుకున్న సంవత్సరాలూ ఒకటే. తిరిగివచ్చినవాళ్లకు కూడా ఆ సంవత్సరాలు తిరిగిరాలేదు.

ఆటకు తనకు బయట ప్రయోజనం లేదన్న కారణం చేతనే ఆనాటి విమర్శకులు దాన్ని తక్కువచేశారు, యుద్ధాన్ని ‘మరింత గొప్ప ఆట’ అని పొగిడారు. ఈ పోలిక మొదటికే తప్పు. ఆటలో ప్రత్యర్థి వచ్చే శనివారం కూడా రావాలి, లేకపోతే ఆటే లేదు. యుద్ధంలో శత్రువు మళ్లీ లేవకూడదు. మరొక సంగతి కూడా ఉంది. స్కాట్లండ్ పిల్లలు తరతరాలుగా కంఠస్థం చేసిన, 107 ప్రశ్నోత్తరాలు గల వెస్ట్‌మిన్‌స్టర్ లఘు ప్రశ్నోత్తరి మొదటి ప్రశ్నే మనిషి పరమలక్ష్యం ఏమిటని అడుగుతుంది. దేవుని మహిమపరచడం, ఆయనను నిత్యం ఆస్వాదించడం అన్నది దానికి జవాబు సారాంశం. కాఠిన్యానికి పేరుపడిన ఒక మతసంప్రదాయం బోధనను ఆనందంతో మొదలుపెట్టిందన్నమాట. ఆ ఆనందం దేనికీ సాధనం కాదు, తనకు తానే గమ్యం. ఆ పాఠం నేర్చిన నగరంలో, శనివారం సాయంత్రం వేలమందికి ప్రయోజనం అడగని సంతోషాన్ని పంచిన యువకులను పనికిమాలినవాళ్లని నిందించడం దేశభక్తి లోపం కంటే పెద్ద లోపం, మతపరమైన లోపం. పరమలక్ష్యానికి మనుషులకు దొరికే చిన్న నీడల్లో ఆట ఒకటి. దాన్ని సిగ్గుపడవలసిన పనిగా మార్చినవాళ్లు తమ పిల్లలకు నేర్పిన మొదటి జవాబునే మరచిపోయారు.

కనుక బతికి ఉన్నవాళ్లు త్యాగమన్న మాటను తమ నోటితో అనడానికి ముందు వెనుకాడాలి. ఆ మాట పలకగలవాళ్లు ఆ ఏడుగురే. నగరానికి, చర్చికి, రాజ్యానికి తగిన మాట ఋణం. ఋణమని ఒప్పుకున్నవాడు మృతుడిని పొగిడి ఊరుకోలేడు, అతడి పేరును గుర్తుంచుకోవడం, అతడిని పంపిన తీరును దాచకుండా చెప్పడం అతడి బాధ్యతలవుతాయి. ఎడిన్‌బరో ఈ పని మెల్లగానైనా చేసింది. హేమార్కెట్ కూడలిలో క్లబ్బు కట్టించిన గడియారపు స్మారకాన్ని 1922 ఏప్రిల్ 9న వేలమంది సమక్షంలో ఆవిష్కరించారు. ఏటా నవంబరులో జనం అక్కడ చేరి మౌనం పాటిస్తారు. మెక్రే దళం జూలై 1న చేరాలని నడిచిన కోంతాల్‌మెజాన్ గ్రామంలో రాళ్లతో పేర్చిన స్మారకం వెలసింది 2004లో, ఆ రోజుకు 88 ఏళ్ల తరువాత. హ్యారీ వాటీకి సమాధి లేదు. జాడ దొరకని 72,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కిన థీప్‌వాల్ స్మారకం మీద అతడి పేరు ఉంది.